ఫిబ్రవరి 28 చిన్నపిల్లల కార్నర్: పన్నెండు జంతువులు ఎలా చెబుదాం? (వాలంటీర్ల చర్చ)

కోఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. ఇక్కడ సింగపూర్‌లో 2026 చైనీస్ కొత్త సంవత్సరం ఫిబ్రవరి 17న. వాళ్ళ లెక్కలో ఒక్కో ఏడుకి ఒక్కో జంతువు పేరు, పన్నెండేళ్ళకి ఆ వరస మళ్ళీ మొదలవుతుంది. ఈసారి గుర్రం. పదిహేనో రోజు, అంటే మార్చి 3 చాప్ గో మే వరకు పండగే కాబట్టి 28 శనివారం పెట్టుకుంటున్నాం. కమ్యూనిటీ క్లబ్ హాల్లో ఒక మూల, 2026లో రెండు నుంచి ఐదేళ్ళు నిండే పిల్లలకి. ఐడియాలు ఇక్కడే రాయండి. ఫోన్ గ్రూపులో పెడితే గుడ్ మార్నింగ్ బొమ్మల కింద పడి కనపడవు.

పిల్లల కార్నర్:
పన్నెండు బొమ్మలు గోడకి అంటించి వరసగా చదివిస్తే మూడేళ్ళ వాళ్ళు నాలుగో బొమ్మకే లేచి పరిగెడతారు. అందుకని పుట్టిన ఏడుని బట్టి ఎవరి జంతువు వాళ్ళకి చూపిద్దాం అంటాను. 2021 ఎద్దు, 2022 పులి, 2023 కుందేలు, 2024 డ్రాగన్. మన దగ్గరికి వచ్చే పిల్లలు దాదాపు ఈ నాలుగే. చైనాటౌన్ అంతా గుర్రాలు పెడతారు గానీ, మన బుడతల్లో ఒక్క గుర్రమూ ఉండదు!

గుర్రాలు అమ్మానాన్నల్లో దొరుకుతాయి, 1990 వాళ్ళు. 1989 పాము, 1991 మేక, 1992 కోతి. తాతయ్యలు, అమ్మమ్మలు వస్తే ఇంకా మంచిది: 1957 కోడిపుంజు, 1958 కుక్క, 1959 పంది, 1960 ఎలుక. ఇంటిల్లిపాదీ కూర్చుంటే పన్నెండూ వచ్చేస్తాయి. మెడలో బొమ్మ కార్డు వేసుకున్న తాతయ్యని పిల్లలు మర్చిపోతారా?

రిజిస్ట్రేషన్:
ఐడియా బాగుంది అక్కా. కానీ జనవరి, ఫిబ్రవరి పుట్టినరోజులతో జాగ్రత్త. డ్రాగన్ ఏడు 2024 ఫిబ్రవరి 10న మొదలైంది. ఆ జనవరిలో పుట్టిన పాప కుందేలే. 2023లో జనవరి 22, 2022లో ఫిబ్రవరి 1, 2021లో ఫిబ్రవరి 12. అంతకుముందు పుడితే వెనకటి జంతువు. ఉగాదికి ముందు పుడితే జాతకంలో పాత సంవత్సరం పేరే రాస్తాం కదా, అలాగే. ఫారంలో పూర్తి తేదీ అడుగుతున్నాను.

కథ చెప్పేది:
చైనా కథల్లో స్వర్గాన్ని ఏలే జేడ్ చక్రవర్తి జంతువులకి పెట్టిన పరుగుపందెం కథే చెబుతాను. నది దాటి వచ్చిన వరసే ఏళ్ళ వరస. నేల మీద మా అమ్మ పాత నీలం చీర పరిస్తే అదే నది. నాన్నలు ఎద్దులు, వాళ్ళ వీపు మీద ఎలుక బొమ్మ. అవతలి ఒడ్డు రాగానే ఎలుక దూకేసి ఫస్ట్! దుంగ మీద ఉన్న కుందేలుని డ్రాగన్ ఊది ఒడ్డుకి చేర్చే చోట అందరం కలిసి ఊదుదాం, రెండేళ్ళ వాళ్ళకీ వస్తుంది. పాము గుర్రం డెక్క దగ్గర దాక్కుని ఒక్కసారిగా బయటికొచ్చే భాగం కొంచెం నెమ్మదిగా చేస్తాను.

డౌట్ ఒకటే. పన్నెండింట్లో పిల్లి ఎందుకు లేదంటే, ఎలుక దాన్ని నీళ్ళలోకి తోసేసినట్టు కొందరు చెబుతారు. అది ఉంచాలా?

పిల్లల కార్నర్:
వద్దమ్మా. అది చూపిస్తే తర్వాత గంటసేపు హాల్లో అదే ఆట. పందెం రోజు ఎలుక పిల్లిని నిద్ర లేపడం మర్చిపోయిందని చెప్పే కథ కూడా ఉంది, అది చాలు. వియత్నాం వాళ్ళ వరసలో కుందేలు బదులు పిల్లే ఉంటుంది, పెద్దపిల్లలు అడిగితే చెప్పు.

ఒక సభ్యుడు:
ఏ జంతువు వాళ్ళకి ఏ గుణం, ఎవరికి ఎవరితో పడుతుంది అని ఒక చార్ట్ పెడితే పేరెంట్స్‌కి సరదాగా ఉంటుంది కదా?

కోఆర్డినేటర్:
ఫలాలు వద్దు అన్నా. "పులి కదా, అందుకే మొండి" అని మూడేళ్ళ పిల్ల ముందు ఎవరో ఒకరు అనేస్తారు, అది ఇంటిదాకా పోతుంది.

ఫుడ్:
పుచ్చగింజలు, వేరుశనగలు ఈ మూలకి రానివ్వను, గొంతులో పడతాయి. కమలాలు జతగా ఇవ్వడం ఇక్కడి పద్ధతి కాబట్టి పిల్లకి రెండేసి, చిన్నవి. పండక్కి పిల్లలకిచ్చే ఎర్ర కవర్లలో డబ్బులు వద్దు, వాళ్ళ జంతువు స్టిక్కర్లు రెండు.

వేదిక:
లయన్ డాన్స్ (సింహం వేషం వేసి ఆడే ఆట) డప్పులు, తాళాలు అదే హాల్లో మోగితే సగం మంది ఏడుపు. టీమ్‌ని బయట కారిడార్‌లో ఆడమని అడుగుతాను. చూడాలనుకున్న పిల్లలే వెళ్తారు.

కథ చెప్పేది:
మా బ్లాక్‌లో ఒక చైనీస్ ఆంటీ ఉన్నారు, మనవలకి ఈ కథ చెబుతుంటే విన్నాను. వాళ్ళ పండగ వాళ్ళ నోట వింటేనే బాగుంటుంది. ఆవిడ చెబితే నేను పక్కన తెలుగులో అందుకుంటాను. అడిగి బుధవారంలోపు చెబుతాను. ఆవిడకి వీలుకాకపోతే నేనే చేస్తాను, ఎద్దులుగా మాత్రం ముగ్గురు నాన్నలు కావాలి. మోకాళ్ళ నొప్పి లేనివాళ్ళు పేరు రాయండి.