ఇంట్లో బీడీలు చుట్టే మా అమ్మ కార్మికురాలు కాదా? పీఎఫ్ సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

ఆర్మూర్ బిడ్డ:
మాది ఆర్మూర్ పక్కన ఊరు. అమ్మ 1998 నుంచి ఒకే కార్ఖానాకు బీడీలు చుడుతోంది. రాత్రి తునికాకు తడిపి గోనెసంచిలో చుట్టిపెడుతుంది. పొద్దున రేకు పెట్టి కత్తిరించి, చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఎనిమిది వందల బీడీలు అయ్యేసరికి చీకటి పడుతుంది. వచ్చే నెల 58 నిండుతాయి. పింఛన్ కోసమని ఫోన్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిస్తే 2018 నుంచే లెక్క ఉంది. పదేళ్లు లేవు కాబట్టి పింఛన్ రాదంటున్నారు. ముందటి ఇరవై ఏళ్లు ఏమయ్యాయని అడిగితే, "ఇంట్లో కూసొని చుట్టేటోళ్లు మా పనోళ్లు ఎట్లయితరు?" అన్నాడు కార్ఖానా ఆయన. అమ్మ మాట్లాడకుండా ఆకు సంచి భుజాన వేసుకుని వచ్చేసింది. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు.

సంఘం అక్క:
చెల్లె, ఆయన మాట పట్టించుకోకు. బీడీ పనికి పీఎఫ్ 1977లోనే వచ్చింది. ఇంట్లో చుట్టేవాళ్లకు ఇవ్వబోమని యజమానులు సుప్రీంకోర్టుకు పోతే 1985లో ఓడిపోయారు. ఆకు, తంబాకు ఇచ్చేది వాళ్లు, బీడీ బాగాలేదని తీసి పారేసేది వాళ్లు. అలాంటప్పుడు గడప లోపల చుట్టినా అమ్మ వాళ్ల కార్మికురాలే.

ఫోన్‌లో పాత సంవత్సరాలు కనబడకపోతే డబ్బు కట్టలేదనే అనుకోవద్దు. పాత పీఎఫ్ నంబర్ వేరే ఉండి ఉంటుంది. ఆకు, బీడీల లెక్క రాసిన కార్ఖానా పుస్తకాలు వెతుకు. వాటి జిరాక్సులు పెట్టి నిజామాబాద్ పీఎఫ్ ఆఫీసులో అర్జీ ఇచ్చి, ముద్ర వేయించుకున్న కాపీ దాచుకో. కూలీలో కోసుకున్న వాటా జమ చేయకపోతే అది నేరం.

ఒక్కటి గట్టిగా చెప్తున్నా: "డబ్బంతా ఒకేసారి ఇప్పిస్తాం" అని ఫారం 10సీ (పింఛన్ ఖాతా పైసలు తీసేసుకునే ఫారం) మీద వేలిముద్ర అడుగుతారు. వేయనీయకు. ఆ పైసలు తీసుకుంటే అప్పటిదాకా ఉన్న పింఛన్ సర్వీసు పోతుంది. సర్కారు బీడీ పింఛన్ వేరు, ఇది వేరు.

మెట్‌పల్లి తమ్ముడు:
మా అమ్మకూ ఇలాగే అయింది అక్కా. కార్ఖానాలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటిది. పేరు సరిచేయమని కార్మికురాలు, కార్ఖానా కలిసి ఇచ్చే జాయింట్ డిక్లరేషన్ మీద కార్ఖానా సంతకం కోసం ఏడు నెలలు తిరిగాను. ఒక్కడినే పోతే కుర్చీ కూడా చూపించలేదు. సంఘంవాళ్లు, వాడలో పద్నాలుగు మంది ఆడవాళ్లు కలిసి వచ్చిన రోజు మధ్యాహ్నానికల్లా సంతకం పెట్టారు. మీరూ ఒంటరిగా పోవద్దు.

ఆర్మూర్ బిడ్డ:
అక్కా, దొరికాయి! అమ్మ పెట్టెలో పెళ్లి చీర కింద పదకొండు పుస్తకాలు. రెండింటిని చెదలు తిన్నాయి గానీ 2003 నాటిది బాగుంది, లోపల పీఎఫ్ నంబర్ కూడా ఉంది. "పారేద్దామనుకున్న, మనసొప్పలే" అంది అమ్మ. మా వాడలో ఇంకో ముగ్గురిదీ ఇదే గోస. సోమవారం అందరం కలిసి నిజామాబాద్ పోతున్నాం.