పెరాక్ 2009: మెజారిటీ లెక్క తేలాల్సింది సభలోనా, సుల్తాన్ దగ్గరా?

ఇపోవాసి:
మలేషియాలో ఏ రాష్ట్ర ప్రభుత్వం ఊగిసలాడినా, పెరాక్ రాజధాని అయిన మా ఇపోలో ముందు వచ్చే మాట 2009. పదిహేనేళ్లు దాటినా ఈ వాదన తెగలేదు, అందుకే మన తెలుగువాళ్ల ముందు పెడుతున్నాను. తెలియనివాళ్ల కోసం జరిగింది క్లుప్తంగా చెప్తాను.

పెరాక్ సుల్తాన్ ఉన్న రాష్ట్రం. ముఖ్యమంత్రిని మెంతెరి బెసార్ అంటారు. 2008 మార్చి ఎన్నికల్లో 59 సీట్లకు పకతాన్ రక్యాత్ కూటమికి 31 వచ్చాయి (అందులోని పార్టీలు డీఏపీకి 18, పీకేఆర్‌కి 7, పాస్‌కి 6). ఎప్పటినుంచో పాలిస్తున్న బారిసాన్ కూటమికి 28. మెంతెరి బెసార్ మలయ్ ముస్లిం అయి ఉండాలని రాష్ట్ర రాజ్యాంగం చెప్తుంది కాబట్టి, అందరికంటే చిన్న పార్టీ పాస్ నుంచి నిజార్ జమాలుద్దీన్ ఆ పదవిలోకి వచ్చారు.

2009 ఫిబ్రవరి మొదట్లో పకతాన్ సభ్యులు ముగ్గురు గోడ దూకారు. పీకేఆర్ వాళ్లు ఇద్దరు, డీఏపీ నుంచి డిప్యూటీ స్పీకర్ హీ యిత్ ఫూంగ్. స్వతంత్రులమంటూనే బారిసాన్‌కి మద్దతిచ్చారు. నిజార్ సభను రద్దు చేయమని అడిగారు. సుల్తాన్ అజ్లాన్ షా ఒప్పుకోలేదు. అటువైపు 31 మందిని పిలిపించుకుని కలిశారు, నిజార్‌ని రాజీనామా చేయమన్నారు. ఫిబ్రవరి 6న బారిసాన్ తరఫున జాంబ్రి అబ్దుల్ ఖాదిర్ ప్రమాణం చేశారు.

నా మాట సూటిగా చెప్తాను. ముఖ్యమంత్రిని దింపాలంటే సభ పెట్టి, అందరూ చూస్తుండగా ఓటు వేయించాలి. తలుపులు మూసిన గదిలో తలలు లెక్కపెట్టడం తప్పు.

పాతకోర్టు:
అయ్యా, చట్టం ఏం చెప్తుందో ముందు చూద్దాం. పెరాక్ రాజ్యాంగం 16వ అధికరణం ప్రకారం సభలో మెజారిటీ సభ్యుల విశ్వాసం పోతే మెంతెరి బెసార్‌కి రెండే దారులు: సభ రద్దు కోరడం, సుల్తాన్ కాదంటే రాజీనామా చేయడం. విశ్వాసం పోయిందని సభలో ఓటు ద్వారానే తేలాలని అందులో లేదు. రద్దుకి ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం సుల్తాన్ విచక్షణ. 2010 ఫిబ్రవరి 9న దేశ అత్యున్నత కోర్టు అయిన ఫెడరల్ కోర్టులో ఐదుగురు జడ్జిలూ ఏకగ్రీవంగా ఇదే చెప్పారు.

ఇంకోటి. అజ్లాన్ షా 1982 నుంచి 1984 వరకు ఆ దేశ న్యాయవ్యవస్థకే అధిపతి. ఎవరో చెప్పింది విని సంతకం పెట్టేసే మనిషి కాదు. 31 మందినీ పిలిపించుకుని కలిశారు.

ఫిరాయింపు గురించి కూడా. అంతకు పది రోజుల ముందు బారిసాన్‌లోని పెద్ద పార్టీ అమ్నో సభ్యుడొకరు పీకేఆర్‌లోకి వస్తే పకతాన్ నాయకులు పూలదండలేసినంత పని చేశారు. ఆయనే ఫిబ్రవరిలో మళ్లీ సొంత గూటికి పోయారు. తమ వైపు దూకితే ప్రజాస్వామ్యం, అటు దూకితే ద్రోహమా?

ఇపోవాసి:
లాయరు గారూ, ఆ చివరి మాటకు నేను అడ్డు చెప్పను. ఆయన్ని చేర్చుకున్న రోజే నిజార్ చేతిలో ఉన్న నైతిక బలం సగం పోయింది. ఇక్కడి జనం గోడ దూకేవాళ్లని కప్పలంటారు, ఆ కప్పల్లో మనవి, వాళ్లవి అని తేడా లేదు.

కానీ చట్టం అంత తేలిగ్గా తేలిపోలేదు. 1966లో సారవాక్ రాష్ట్రంలో ముఖ్యమంత్రి స్టీఫెన్ కలోంగ్ నింగ్‌కాన్‌ని సభ్యుల సంతకాల ఉత్తరం చూసి గవర్నర్ తీసేస్తే, సభలో ఓటు లేకుండా అలా చేయకూడదని హైకోర్టు ఆయన్ని తిరిగి కూర్చోబెట్టింది. (తర్వాత కేంద్రం ఎమర్జెన్సీ పెట్టి, రాజ్యాంగం సవరించి, సభలో ఓటు పెట్టించి దింపింది. అది వేరే పాపం.) ఆ పాత తీర్పునే నమ్ముకుని 2009 మే 11న కౌలాలంపూర్ హైకోర్టు నిజారే అసలైన మెంతెరి బెసార్ అంది. మర్నాడే అప్పీల్ కోర్టు స్టే ఇచ్చింది. మే 22న తీర్పు తిరగబడింది. ఒకే నెలలో ఇద్దరు ముఖ్యమంత్రులకీ చట్టం సరేనన్నాక, ఇందులో సందేహమే లేదని ఎలా అంటారు?

అదీగాక, పీకేఆర్ ఇద్దరి రాజీనామా లేఖలు అందాయని స్పీకర్ శివకుమార్ ఆ సీట్లు ఖాళీ అని ప్రకటించారు. ఎన్నికల సంఘం ఉప ఎన్నికకు ఒప్పుకోలేదు. ఆ లేఖలు ముందే తేదీ లేకుండా రాయించుకున్నవి, అది నాకూ నచ్చదు. కానీ అలాంటి చిక్కు ఉన్నప్పుడే కదా ఓటర్ల దగ్గరికి పోవాల్సింది?

గుంటూరు84:
ఇది చదువుతుంటే మన 1984 ఆగస్టు గుర్తొస్తోంది. గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్‌ని తీసేసి నాదెండ్లని కూర్చోబెట్టారు. ఎమ్మెల్యేలు తన వైపే ఉన్నారని ఎన్టీఆర్ మొత్తుకున్నా వినలేదు. నెల తిరిగేసరికి మళ్లీ ఎన్టీఆరే ముఖ్యమంత్రి. తర్వాత 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు బలం తేలాల్సింది సభలోనే అని కుండబద్దలు కొట్టింది. మలేషియా కోర్టు ఆ దారిన నడిస్తే ఇంత గొడవ ఉండేది కాదు.

పాతకోర్టు:
గుంటూరు తమ్ముడూ, మీ ఉదాహరణే మీకు ఎదురు తిరుగుతుంది. రాంలాల్ లెక్కే చూడలేదు. అజ్లాన్ షా చూశారు. ఎన్టీఆర్‌కి నిజంగా మెజారిటీ ఉంది. నిజార్‌కి లేదు. ఓటు పెట్టినా ఫలితం అదే వచ్చేది.

బగాన్‌దతో_బిడ్డ:
"ఫలితం అదే వచ్చేది" అన్న మాట దగ్గర ఆగాను. మా తాత శ్రీకాకుళం నుంచి ఇక్కడి కొబ్బరి తోటల్లో పనికి వచ్చారు. దిగువ పెరాక్‌లో తెలుగు కుటుంబాలు ఇప్పటికీ చాలా ఉన్నాయి. 2008లో మా ఇంట్లో మొదటిసారి అధికార పార్టీకి కాకుండా ఓటు వేశారు. మలేషియా భారతీయుల హక్కుల కోసం సాగిన హిండ్రాఫ్ ఉద్యమం తర్వాత తోటల్లో పెరిగినవాళ్లు చాలామంది అలాగే వేశారు. ఆ ప్రభుత్వం ఏడాదైనా నిండకుండా పోయింది. మమ్మల్ని ఎవరూ అడగలేదు.

సభలో తేల్చుకుందామంటే ఏమైందో కూడా చెప్పాలి. మార్చి 3న స్పీకర్ సమావేశం పిలిస్తే సచివాలయం గేట్లు మూసేశారు. పకతాన్ సభ్యులు రోడ్డు పక్కన చెట్టు కింద సభ నడిపారు. నిజార్ మీద విశ్వాసం ప్రకటిస్తూ, సభ రద్దు కోరుతూ అక్కడే తీర్మానాలు చేశారు.

మే 7 ఇంకా ఘోరం. ప్రసంగం చదవాల్సిన యువరాజు రాజా నజ్రిన్ షా గంటల తరబడి ఎదురుచూస్తుండగా లోపల ఇద్దరు స్పీకర్లు. శివకుమార్ కుర్చీ దిగనన్నారు. బారిసాన్ వాళ్లు కొత్త స్పీకర్‌గా గణేశన్‌ని ఎన్నుకున్నామన్నారు. చివరికి శివకుమార్‌ని స్పీకర్ గౌను మీదే ఉండగా ఈడ్చుకుంటూ బయటకు తీసుకుపోయారు. మా అమ్మ ఆ ఫోటో చూసి టీవీ కట్టేసింది. సభాధ్యక్షుడిని అలా లాగేస్తే ఆ తర్వాత అక్కడ ఏ ఓటు జరిగినా నమ్మకం ఎక్కడిది?

పాతకోర్టు:
అమ్మా, ఆ దృశ్యాన్ని నేను సమర్థించను. కానీ శివకుమార్ గారు కూడా అంతకుముందు జాంబ్రిని 18 నెలలు, ఆయన మంత్రులు ఆరుగురిని ఏడాది సభ నుంచి సస్పెండ్ చేశారు. ప్రత్యర్థుల్ని బయట పెట్టి ఓటు పెడితే అది బలపరీక్షా? రెండు వైపులా సభని ఆయుధం చేసుకున్నప్పుడు పైన ఒకరు తేల్చాల్సి వస్తుంది. 2013 ఎన్నికలు చూడండి. బారిసాన్‌కి 31, పకతాన్‌కి 28. ప్రజలే జాంబ్రి ప్రభుత్వానికి సరేనన్నారు.

బగాన్‌దతో_బిడ్డ:
సీట్లలో అంతే సార్. మొత్తం ఓట్లు ఎక్కువ వచ్చింది పకతాన్‌కే. నియోజకవర్గాల గీతలు ఎలా ఉన్నాయో ఇక్కడ బతికేవాళ్లకి తెలుసు. 2009 ఏప్రిల్‌లోనే బుకిత్ గంతాంగ్ పార్లమెంటు ఉప ఎన్నికలో నిజార్ గెలిచారు.

ఇపోవాసి:
నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇంకోటి ఉంది. సుల్తాన్ నిర్ణయాన్ని కోర్టులో ప్రశ్నించవచ్చు అన్నందుకు కర్పాల్ సింగ్ మీద రాజద్రోహం కేసు పెట్టారు. ఆయన లాయరు, ఎంపీ. 2014లో జరిమానా పడింది, అదే ఏడాది కారు ప్రమాదంలో చనిపోయారు. ఫెడరల్ కోర్టు ఆయన్ని నిర్దోషి అన్నది 2019లో. లెక్క కోటలో జరిగితే వచ్చే చిక్కు ఇదే. సభలో జరిగిన ఓటు మీద ఎవరైనా ఎంతైనా అరవచ్చు. సుల్తాన్ తీసుకున్న నిర్ణయాన్ని విమర్శిస్తే నేరమవుతుందేమోనన్న భయం. రాజు గౌరవం కాపాడాలన్నవాళ్లే రాజును ఈ రొంపిలోకి లాగారు.

పైగా ఇదే పెరాక్‌లో 2020 డిసెంబర్‌లో అప్పటి మెంతెరి బెసార్ ఫైజల్ అజుము బలం సభలోనే తేలింది. ఆయనకు 10 ఓట్లు, వ్యతిరేకంగా 48, చెల్లనిది ఒకటి. ఎవరూ ఎవరినీ ఈడ్చలేదు. మర్నాడు ఇపోలో దుకాణాలు మామూలుగా తెరిచారు. అప్పుడు కుదిరింది 2009లో ఎందుకు కుదరలేదు?

పాతకోర్టు:
దింపింది సభ, ఒప్పుకుంటాను. కానీ తర్వాత ఎవరు రావాలన్నది మళ్లీ కోటలోనే తేలింది. పార్టీలు తమ మద్దతు, అప్పటికి సుల్తాన్ అయిన నజ్రిన్ షాకి తెలిపాకే సారాని మొహమ్మద్ ఆ పదవిలోకి వచ్చారు. ఆ పాత్ర పూర్తిగా తీసేయలేరు.

ఇపోవాసి:
తీసేయమని నేను అనలేదండీ. కొత్తవాళ్లని పిలవడం సుల్తాన్ పని. ఉన్నవాళ్లని దింపడం సభ పని. ఈ గీత రాష్ట్ర రాజ్యాంగంలో రాసి పెట్టాలన్నదే నా వాదన. 2022లో కేంద్రం ఫిరాయింపుల చట్టం తెచ్చింది. ఎంపీ పార్టీ వదిలితే సీటు పోతుంది, కానీ పార్టీయే బహిష్కరిస్తే పోదు. పార్టీ మొత్తంగా కూటమి మారినా ఏమీ కాదు. దానితోపాటు రాష్ట్రాలు తమ రాజ్యాంగాల్లో ఇంకో వాక్యం కలిపితే చాలు: అవిశ్వాసం సభలో ఓటుతోనే తేలాలి, ఓటు కోరితే ఇన్ని రోజుల్లోపు సభ పిలవాలి. ఆ వాక్యానికి అడ్డేమిటో లాయరు గారు చెప్పాలి.

పాతకోర్టు:
గడువు పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. స్పీకర్ సభ్యుల్ని సస్పెండ్ చేసి ఆ ఓటుని తారుమారు చేయకుండా కూడా రాస్తే, నేనూ సంతకం పెడతాను.