పెళ్ళికొడుకు ఉంగరంలో ల్యాబ్ వజ్రం: అవతలి వారికి చెప్పి తీరాలా?

గోదారిగట్టు:
వైశాఖంలో మా చెల్లెలి నిశ్చితార్థం పెట్టుకున్నాము. అబ్బాయికి పెట్టే ఉంగరాన్ని 18 క్యారెట్ల బంగారంలో, మధ్యన అర క్యారెట్ వజ్రంతో చేయిస్తున్నాము. ఆ వజ్రం గనిలో దొరికినది కాదు, ప్రయోగశాలలో పెంచినది. ఖర్చంతా చెల్లెలు తన జీతంలోంచే పెట్టుకుంటోంది, రాయిని ఎంచుకున్నదీ తనే. ఈ సంగతి వియ్యాలవారికి ముందే చెప్పాలని అమ్మ పట్టుబడుతోంది. వారు అడగని విషయాన్ని మనంతట మనం ఎత్తడం ఎందుకని నేను అంటున్నాను. పెద్దలు తమ అభిప్రాయం తెలుపగలరు.

పాత_తక్కెడ:
చెప్పడం, చెప్పకపోవడం తరువాతి మాట. అసలు ఆ రాయి ఎందుకు కొంటున్నారు? తరతరాలుగా గని వజ్రాలు అమ్ముకున్న డి బీర్స్ సంస్థ 2018లో లైట్‌బాక్స్ పేరుతో ల్యాబ్ వజ్రాల నగలను క్యారెట్‌కు 800 డాలర్ల చొప్పున అమ్మకానికి పెట్టింది. 2025లో ఆ వ్యాపారాన్నే మూసివేస్తున్నట్లు ప్రకటించింది. అంతటి సంస్థే చేతులు దులుపుకున్న సరుకుకు మీరు డబ్బు పోస్తున్నారు. రేపు అవసరం వచ్చి అమ్మబోతే, కొట్టువాడు రాయిని ఊడదీసి మీ చేతిలో పెట్టి బంగారానికి మాత్రమే లెక్క కడతాడు.

తాపీతీరం:
తక్కెడ గారూ, మగ్గం పని కోసం మా తాతగారి కాలంలో తెలంగాణ నుంచి సూరత్ వచ్చి స్థిరపడిన కుటుంబం మాది. నేను మగ్గం వదిలి వజ్రాలు పెంచే యూనిట్‌లో పనిచేస్తున్నాను. మీరు చెప్పిన తీరు వింటే ఇది రంగురాయి అనుకునే ప్రమాదం ఉంది. పలుచని వజ్రపు పలకను విత్తనంగా అమర్చి, మీథేన్, హైడ్రోజన్ వాయువులను పంపి, మైక్రోవేవ్‌లతో ప్లాస్మా పుట్టిస్తే, మీథేన్‌లోని కార్బన్ ఆ పలక మీద పొర మీద పొరగా పేరుకుంటుంది. ఇందుకు వారాలు పడుతుంది, కరెంటు పోయిందంటే మా గుండెలు జారిపోతాయి. బయటికి వచ్చేది గాజు కాదు, అమెరికన్ డైమండ్ కాదు, వజ్రమే. కొట్లలో వాడే పెన్ను లాంటి టెస్టర్‌ను ఆనిస్తే అది వజ్రమనే చూపిస్తుంది. గోల్కొండ వజ్రాలలో పేరుమోసినవి చాలావరకు నత్రజని దాదాపు లేని టైప్ 2ఎ తరగతికి చెందినవి. మా యంత్రాలలో పెరిగే రాళ్ళు కూడా ఎక్కువగా ఆ తరగతివే.

జొన్నగిరి_చేను:
తొలకరి పడగానే మా పొలాల్లో తల వంచుకుని వజ్రాల కోసం రాళ్ళు ఏరే వారికి ఈ చర్చ చూపించకండి బాబూ.

పాత_తక్కెడ:
అది కార్బనా కాదా అని నేను అడగలేదు. బిల్లు సంగతి అడిగాను. ఉంగరం గ్రాస్ వెయిట్ 5 గ్రాములు అనుకుందాం. అర క్యారెట్ అంటే 100 మిల్లీగ్రాములు, కనుక నెట్ వెయిట్ 4.900 గ్రాములు. 18 క్యారెట్లు కనుక అందులో ముప్పాతిక వంతు, అంటే 3.675 గ్రాములు మాత్రమే మేలిమి. తరుగు, మజూరీ ఎలాగూ తిరిగి రావు. హాల్‌మార్క్‌లో ఉండే 750 అంకె గానీ, నగకు వేసే గుర్తింపు సంకేతం, అంకెలూ అక్షరాలూ కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ గానీ బంగారం స్వచ్ఛతకే పూచీ పడతాయి, రాయి గురించి ఒక్క ముక్క చెప్పవు. ఇదే సొమ్ముతో 22 క్యారెట్ల సాదా ఉంగరం చేయిస్తే అబ్బాయి వేలికి నిజమైన విలువ ఉంటుంది.

మల్లెపందిరి:
అల్లుడికి పెట్టే ఉంగరాన్ని అమ్ముకునేందుకు పెడతారా? మీ లెక్క గని వజ్రానికి మాత్రం వర్తించదా? నా పెళ్ళిలో మా నాన్నగారు పెట్టిన ఏడు రాళ్ళ దుద్దులు గని వజ్రాలవే. మా అత్తగారి ఆపరేషన్‌కు డబ్బు అవసరమై తీసుకువెళితే, కొన్న కొట్టువారే సర్టిఫికెట్ లేదని, రాళ్ళ మీద గీతలున్నాయని వంకలు పెట్టి సగం ధర కూడా ఇవ్వలేదు. వజ్రం అమ్మితే డబ్బు తిరిగి వస్తుందన్న నమ్మకం అమ్మేవారు మనకు అంటగట్టినదే.

తాపీతీరం:
గోదారిగట్టు గారు అడిగిన అసలు ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. దాచుదామనుకున్నా అది దాగదు. సర్టిఫికెట్ ఉన్న ల్యాబ్ వజ్రానికి సాధారణంగా నడుము అంచు మీద రిపోర్టు నంబరును, ల్యాబ్‌లో పెంచినదన్న మాటను లేజర్‌తో చెక్కుతారు. మామూలు కంటికి ఆనదు గానీ, పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం పెట్టి, రాయిని పక్కకు తిప్పి చూస్తే చదవవచ్చు. పట్టు కొక్కీల కింద పడితే కొంత మరుగవుతుంది, అంతే. మీ చెల్లెలిని రాయి పొదిగే ముందే ఆ నంబరును సర్టిఫికెట్‌తో సరిచూసుకోమనండి.

పాత_తక్కెడ:
చూశారా, భూతద్దం దాకా వచ్చింది వ్యవహారం! మీరంతా కుర్రతనంతో మాట్లాడుతున్నారు. మా పెద్దమ్మాయి పెళ్ళిలో అల్లుడికి రాళ్ళ ఉంగరం పెట్టాము. పదహారు రోజుల పండుగ కాకుండానే వారు దానిని బజారుకు తీసుకుపోయి ధర కట్టించుకు వచ్చారు. రాళ్ళ బరువును కూడా బంగారంలో కలిపి మాకు అంటగట్టిన కొట్టువాడు బాగానే ఉన్నాడు, మాట పడింది మాత్రం మా పిల్ల. ఈనాటికీ ఆ ఇంట్లో ఏ పేరంటం జరిగినా ఆ ఉంగరం ప్రస్తావన వస్తుంది. అందుకే చెబుతున్నాను, సాదా బంగారం పెట్టండి, ఎవరు ఎక్కడ తూచుకున్నా ఒకటే లెక్క వస్తుంది.

మల్లెపందిరి:
మీ అమ్మాయి పడ్డ బాధకు నేనూ బాధపడుతున్నాను. కానీ తక్కెడ గారూ, తప్పు రాయిది అంటున్నారా? ఉంగరాన్ని బజారుకు తీసుకుపోయి తూచిన మనిషిని ఒక్క మాట అనకుండా, ఎంత తూచినా తరగని ఉంగరం పెట్టమని ఆడపిల్లల వారికి బోధిస్తున్నారు. అలా తూచే ఇల్లని ముందే తెలిస్తే పిల్లనివ్వడం దేనికి?

పాత_తక్కెడ:
మీ ఇంట ఎదిగిన ఆడపిల్ల ఉండి ఉంటే ఈ మాట ఇంత తేలికగా అనేవారు కారు.

మల్లెపందిరి:
ఇద్దరు ఉన్నారు. అందుకే అంటున్నాను.

గోదారిగట్టు:
దయచేసి తగవు పడకండి. నేను చెప్పని సంగతి ఒకటి ఉంది. మాటలు అనుకున్న రోజున అబ్బాయి మేనమామ, ఉంగరం లక్షన్నరకు తగ్గకుండా వజ్రంతో ఉండాలన్నారు. మా పెదనాన్న సరేనన్నారు. అబ్బాయి అప్పుడు అక్కడ లేరు. ల్యాబ్ రాయితో ఇప్పుడు మా ఉంగరం లక్ష కూడా కావడం లేదు. వజ్రం అన్నారు, వజ్రమే పెడుతున్నాము, ఇందులో మాట తప్పిందేమీ లేదని నా ఉద్దేశం.

తాపీతీరం:
ఇంతసేపూ ఈ ముక్క దాచి మా చేత ప్లాస్మా గురించి చెప్పించారా? లక్షన్నరకు ఒప్పుకుని, అది గని వజ్రమని వారిని అనుకోనిస్తే అది మోసమే. నా సరుకును ఎవరూ అలా దొంగచాటుగా వాడకూడదు. ధర తక్కువ కావడమే దీని గొప్ప, ఆ మాట పైకి చెప్పడానికి సిగ్గెందుకు?

నల్లకోటు:
మోసం మాట అలా ఉంచండి. పెళ్ళి సంబంధంగా ఇస్తామని ఒప్పుకున్న ఆస్తి 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం కిందికే వస్తుంది. పుచ్చుకున్నవారికే కాదు, ఇచ్చినవారికి కూడా 5 సంవత్సరాలకు తగ్గని జైలు శిక్ష రాసి ఉంది. ఎవరూ అడగకుండా, ఆనవాయితీ ప్రకారం, స్తోమతకు మించకుండా పెళ్ళిలో ఇచ్చే కానుకలకు మినహాయింపు ఉంది. అయితే వాటికి కూడా 1985 నాటి నియమాల ప్రకారం జాబితా రాయాలి. వస్తువు వివరం, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, సంతకాలు అందులో ఉండాలి. ఆ కాగితం మీద రాయడానికి మీకు జంకు కలుగుతోందంటే, మీ సమస్య రాయి కాదు, ఆ లక్షన్నర.

పాత_తక్కెడ:
చట్టం పుస్తకాల్లో ఉంటుంది లాయరు గారూ. పెళ్ళిపందిట్లో జాబితా రాసి సంతకాలు అడిగిన ఇంటిని నేను ఇంతవరకు చూడలేదు.

గోదారిగట్టు:
ఈ చర్చ అంతా చెల్లెలు చదివింది. ఆ లక్షన్నర మాట తనకు ఇప్పటిదాకా తెలియదు. నా మీద మండిపడి, నేరుగా అబ్బాయికి ఫోన్ చేసి రాయి సంగతి, మేనమామ గారు చెప్పిన ధర సంగతి రెండూ చెప్పేసింది. ల్యాబ్ రాయి అయితే తనకేమీ అభ్యంతరం లేదని, మేనమామ మాట తాను విననే లేదని, ఇంట్లో తానే మాట్లాడతానని ఆయన అన్నారట. వేలి కొలత 21 అని మెసేజ్ కూడా పెట్టారు. ఇంట్లో ఇంకా మాట్లాడినట్లు లేరు. పెదనాన్నతో ఏమనాలో నాకు తోచడం లేదు.

మల్లెపందిరి:
మీ చెల్లెలికి నా నమస్కారం చెప్పండి. పెదనాన్న గారి సంగతి కూడా ఆమెకే వదిలేయండి.

పాత_తక్కెడ:
అబ్బాయి ఒప్పుకోవడం కాదు, మేనమామ ఒప్పుకోవాలి. వారింట్లో మాట తేలేదాకా కొట్టులో అడ్వాన్స్ కట్టకండి. కట్టేటప్పుడు నెట్ వెయిట్‌ను గ్రాస్ వెయిట్‌ను విడివిడిగా బిల్లు మీద వేయించుకోండి.