కాంట్రాక్ట్ పూర్తిగా ఆడి ఫ్రీగా వెళ్లిపోతే అది ద్రోహమా?

నెంబర్_ఆరు:
2025లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ లివర్‌పూల్‌లో ముగ్గురి కాంట్రాక్టులు ఒకే జూన్‌లో అయిపోవాల్సి ఉంది. సలా, వాన్ డైక్ ఏప్రిల్‌లో 2027 దాకా సంతకం పెట్టి హీరోలయ్యారు. ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్ పెట్టలేదు, వెళ్తున్నానని చెప్పాక సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లోనే సొంత జనం గేలి చేశారు. చిన్నప్పటి నుంచి అదే అకాడమీలో పెరిగినవాడు, ఒప్పుకున్న చివరి రోజు దాకా ఉన్నవాడు. మాట తప్పింది ఎక్కడ?

అడగాలనుకున్నవి రెండు. ఇలాంటి పరిస్థితి రాకుండా క్లబ్ ఎప్పుడు కదలాలి? ఆటగాడు మధ్యలోనే తెంచుకుని పోవాలంటే రూల్స్ ఏం చెప్తున్నాయి?

ఖాతా_పుస్తకం:
మొదటిదానికి జవాబు లెక్కలోనే ఉంది. ఊహకి ఒక ఆటగాణ్ణి 6 కోట్ల యూరోలకి కొని 5 ఏళ్ల కాంట్రాక్ట్ ఇచ్చారనుకోండి. ఆ ఫీజు ఖాతాల్లో ఒకేసారి పడదు, ఏడాదికి 1.2 కోట్ల చొప్పున పడుతుంది. అమోర్టైజేషన్ అనేది దీన్నే. మూడేళ్లు గడిచాక అతని మీద ఇంకా 2.4 కోట్లు మిగిలుంటుంది. అప్పుడు 4 కోట్లకి అమ్మితే లాభం 1.6 కోట్లు. ఇంకో ఏడాది ఆగితే ఖాతాలో మిగిలేది 1.2 కోట్లే, కానీ బయట ధర కూడా కూలిపోతుంది. ఏడాది ఓపిక పడితే ఉచితంగా వచ్చేవాడికి ఎవరు డబ్బు పెడతారు?

అందుకే నిర్ణయం రెండేళ్లు మిగిలున్నప్పుడే జరగాలి. కొత్త కాంట్రాక్ట్ లేదా అమ్మకం, మూడో దారి లేదు. పొడిగిస్తే క్లబ్‌కి ఇంకో లాభం: మిగిలిన 2.4 కోట్లని కొత్త 5 ఏళ్ల మీద పరుస్తారు, ఏడాది ఖర్చు 1.2 కోట్ల నుంచి 48 లక్షలకి దిగుతుంది. చెల్సీ ఈ కిటుకునే సాగదీసి 2023 జనవరిలో ముద్రిక్‌కి, ఎంజో ఫెర్నాండెజ్‌కి ఎనిమిదిన్నర ఏళ్లు రాసిచ్చింది. అదే ఏడాది యూరప్ ఫుట్‌బాల్ సంస్థ యూఈఎఫ్‌ఏ, ఆ తర్వాత ప్రీమియర్ లీగ్, ఎంత పొడవు కాంట్రాక్ట్ అయినా ఖర్చుని 5 ఏళ్లకి మించి పరచకూడదని గీత గీశాయి.

ట్రెంట్ లాంటి అకాడమీ కుర్రాడికి కొన్న ధర ఉండదు, అందుకని అమ్మితే వచ్చేదంతా లాభమే. క్లబ్‌కి మండేది అక్కడ. కాంట్రాక్ట్ జూన్ 30 దాకా ఉంది కాబట్టి క్లబ్ వరల్డ్ కప్‌కి ముందే రప్పించుకోవడానికి రియల్ మాడ్రిడ్ కొంత కట్టింది గానీ, అతని స్థాయికి అది చిల్లరే.

ఇంకోటి. ఫ్రీగా వచ్చే ఆటగాడికి కొత్త క్లబ్ ఇచ్చే సైనింగ్ బోనస్, జీతం ఎందుకు పెద్దవి? ఫీజు కింద పాత క్లబ్‌కి పోవాల్సిన డబ్బులో వాటా అది. అభిమాని ద్రోహం అంటున్నది చాలాసార్లు ఈ వాటా ఎవరి జేబులోకి వెళ్లిందన్న గొడవే.

ఆర్టికల్_పదిహేడు:
రెండో ప్రశ్నకి నేను.

కాంట్రాక్ట్ ముగిశాక ఫీజు లేకుండా వెళ్లే హక్కు 1995 డిసెంబర్ 15న యూరోపియన్ న్యాయస్థానం ఇచ్చిన బోస్‌మన్ తీర్పుతో వచ్చింది. అంతకుముందు కాంట్రాక్ట్ అయిపోయినా పాత క్లబ్ ఫీజు అడగగలిగేది. ఇప్పుడు ఫిఫా రూల్ ప్రకారం చివరి 6 నెలల్లో వేరే క్లబ్‌తో ముందస్తు ఒప్పందం చేసుకోవచ్చు. లెవాండోవ్‌స్కీ 2014 జనవరిలోనే బాయర్న్‌తో కుదుర్చుకుని, జూన్ దాకా డార్ట్‌మండ్‌కే ఆడాడు. అదే దేశంలోని క్లబ్‌ల మధ్య మాత్రం ఆ దేశపు రూల్ కూడా చూసుకోవాలి.

మధ్యలో తెంచుకోవడం వేరే కథ. 28వ పుట్టినరోజుకి ముందు సంతకం పెడితే మొదటి 3 ఏళ్లు, తర్వాత పెడితే 2 ఏళ్లు రక్షిత కాలం. ఆ లోపల సరైన కారణం లేకుండా వెళ్తే పరిహారమే కాదు, నిషేధం కూడా పడొచ్చు. అది దాటితే మామూలుగా పరిహారంతో పోతుంది, కానీ ఎంతన్నది ముందే తెలియదు. ఆండీ వెబ్‌స్టర్ కేసులో 2008లో క్రీడా వివాదాల న్యాయస్థానం కాస్ మిగిలిన జీతం లెక్కన 1.5 లక్షల పౌండ్లు చాలంది. మరుసటి ఏడాదే మటుజాలెం కేసులో 1.18 కోట్ల యూరోలకు పైగా కట్టమంది. 2024 అక్టోబర్ 4న డియారా కేసులో యూరోపియన్ న్యాయస్థానం ఈ రూల్స్‌లో కొన్నింటిని తప్పుపట్టాక ఫిఫా వాటిని మార్చాల్సి వచ్చింది. పాత ఉదాహరణలతో లెక్కేసుకుంటే బోల్తా పడతారు.

క్లబ్ తప్పు చేస్తే ఆటగాడికీ దారి ఉంది. కనీసం రెండు నెలల జీతం ఎగ్గొడితే, రాతపూర్వకంగా 15 రోజుల గడువిచ్చి, అప్పటికీ కట్టకపోతే రద్దు చేసుకోవచ్చు. చాలామంది నోటీసు ఇవ్వకుండానే బ్యాగ్ సర్దేసి కేసు పాడుచేసుకుంటారు.

నెంబర్_ఆరు:
మరి రిలీజ్ క్లాజ్, అంటే ఇంత కడితే క్లబ్ వదిలేయాల్సిందే అన్న షరతు, పెట్టించుకుంటే ఈ తలనొప్పి తప్పుతుందా?

ఆర్టికల్_పదిహేడు:
రాసిన తీరు మీద ఉంటుంది. 2017లో నెయ్‌మార్ కోసం 22.2 కోట్ల యూరోలు కట్టారు, బార్సిలోనా ఒప్పుకోవాల్సిన పనే లేకపోయింది. అదే క్లబ్‌లో మెస్సీకి సీజన్ చివర్లో ఫ్రీగా వెళ్లే వీలుండేది, కానీ 2020 జూన్ 10 లోపు చెప్పాలి. కోవిడ్ వల్ల సీజన్ ఆగస్టు దాకా సాగింది, అతను నోటీసు పంపింది ఆగస్టు 25న. గడువు దాటింది, వెళ్లాలంటే 70 కోట్ల యూరోల క్లాజ్ కట్టాల్సిందేనని క్లబ్ పట్టుబట్టింది. అతను ఉండిపోయాడు. గడువుని తేదీతో కాకుండా "చివరి అధికారిక మ్యాచ్ తర్వాత ఇన్ని రోజులు" అని రాయించుకోవాలి. క్లాజ్ అసలే లేకపోతే హ్యారీ కేన్‌లా అవుతుంది: 2018లో 6 ఏళ్లకి సంతకం, 2021లో వెళ్దామంటే టాటెన్‌హామ్ కదలనివ్వలేదు, ఏడాది మిగిలాక 2023లో బాయర్న్‌కి.

పాత_జెర్సీ:
లెక్కలు బాగున్నాయి గానీ, విధేయత అసలు లేదనే దగ్గరికి వెళ్లకండి. 2006లో యువెంటస్‌ని ఇటలీ రెండో డివిజన్ సెరీ బీకి దించేస్తే డెల్ పియెరో, బఫాన్ ఆగిపోయారు. ఇబ్రహిమోవిచ్ ఇంటర్‌కి, కన్నవారో రియల్‌కి వెళ్లారు. కష్టంలో తీసుకున్న నిర్ణయాన్ని విధేయత అనండి, ఒప్పుకుంటా. బాగా ఆడుతున్న క్లబ్‌లో జీతం పెంచుకుని పొడిగించడాన్ని మాత్రం ఆ పేరుతో పిలవొద్దు. సలాది మంచి నిర్ణయమే, త్యాగం కాదు.

క్లబ్ వైపు కూడా చూడండి. డి రొస్సీ రోమాలో 18 సీజన్లు ఆడాడు, ఇంకా ఆడతానన్నాడు, 2019లో క్లబ్ వద్దంది. ఆర్సెనల్‌లో రామ్సీకి ఇవ్వజూపిన కాంట్రాక్ట్‌ని 2018లో వెనక్కి తీసుకున్నారు, అతను మరుసటి ఏడాది ఫ్రీగా యువెంటస్‌కి పోయాడు. అదే క్లబ్‌లో ఓజిల్ 2018లో సంతకం పెట్టి ఉండిపోయాడు. రెండున్నర ఏళ్లకి ప్రీమియర్ లీగ్ జట్టు జాబితాలోనే పేరు లేదు. ఉన్నవాడికి దక్కిందది.

ఖాతా_పుస్తకం:
ఆ ఆర్సెనల్ ఉదాహరణ నా లెక్కకి కూడా సరిపోతుంది. సాంచెజ్, ఓజిల్ ఇద్దరి కాంట్రాక్టులూ 2018 జూన్‌లోనే. 2016 వేసవిలో తేల్చాల్సింది తేల్చలేదు. చివరికి సాంచెజ్‌ని జనవరిలో మఖితార్యన్‌తో మార్చుకున్నారు, రూపాయి రాలేదు. ఇద్దరూ పోతే పరువు పోతుందన్న భయంతో ఓజిల్ అడిగిన జీతం ఇచ్చారు.

"కాంట్రాక్ట్ తిరస్కరించాడు" అని వార్త చూసినప్పుడు ఆటగాణ్ణి తిట్టే ముందు ముగింపు తేదీ వెతకండి. 24 నెలలు మిగిలుంటే అది బేరం. 12 నెలలే ఉంటే, క్లబ్ మొదటి ఆఫర్ ఎప్పుడిచ్చిందో అడగండి.