అప్‌డేట్: పాత సైనిక భవనం గోడల చెమ్మ సంగతి

సైన్యం ఖాళీ చేశాక పాడుబడిన బారక్‌ను అందరికీ పనికొచ్చే సమావేశ మందిరంగా మార్చాలని కొందరం పూనుకున్నామనీ, గోడల చెమ్మ ఎంతకూ వదలడం లేదనీ మొన్న అడిగాను. ‘సిమెంటు పూత గీకి చూడండి’ అన్నవారికి నమస్కారం. దోషం అక్కడే ఉంది.

గోడలు సున్నంతో కట్టినవి. తర్వాతెప్పుడో మరమ్మతు పేరిట ఎవరో పైన సిమెంటు పూశారు. సున్నపు గోడ తనలోకి చేరిన తేమను మెల్లగా ఆవిరిగా వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేసింది. పూత ఊడదీస్తే లోపల ఇటుకలు తడిసి, తెల్లటి ఉప్పు పేరుకొని కనిపించాయి. నీళ్ళు వచ్చే మూలం మాత్రం చూరు కాలువ: అందులో ఏకంగా రావి మొక్క మొలిచింది! ముందు దాన్ని శుభ్రం చేసి ఉంటే సగం శ్రమ తప్పేది.

ఇప్పుడు మళ్ళీ సున్నపు పూతే వేస్తున్నాం. అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది కాబట్టి తొందరపడితే పగుళ్ళే. పూత త్వరగా ఆరిపోకుండా గోనెపట్టాలు తడిపి కప్పుతున్నాం.

పైకప్పు రేకులు మేమే పీకేద్దామనుకున్నాం. ఆస్‌బెస్టాస్ అని తేలడంతో చేయి పెట్టలేదు. పగిలితే లేచే నార ఊపిరితిత్తులకు ప్రమాదం. ఆ పని తగిన శిక్షణ ఉన్నవారికి అప్పగించాం. తలుపుల పాత రంగులో విషపూరితమైన సీసం ఉండవచ్చని, ఆ దుమ్ము లేవకుండా పొడిగా గీకడమూ మానేశాం.

నేల పని ఇంకా మొదలుకాలేదు.