26వ తేదీ విందుకు హాలు లేదు: అందరూ ఈ రాత్రే చూడండి

జురాంగ్ అన్నయ్య, మంగళవారం, సెప్టెంబర్ 8, రాత్రి 9.40
ఇక్కడ సింగపూర్‌లో మన పిల్లలకు అక్షరాలు దిద్దించిన మాస్టారికీ, బెడోక్ పిన్ని బ్లాకులో ఉండే చైనీయ ఆంటీకీ కలిపి అరవై ఏళ్ల విందు అనుకున్నాం కదా, ఆ హాలు వాళ్ల దగ్గర నుంచి ఇప్పుడే కబురు వచ్చింది. 26 శనివారం సాయంత్రం ఇవ్వలేమన్నారు. ఆ రోజు అక్కడి నివాసులే మూన్‌కేకుల పండుగ (చైనీయుల పౌర్ణమి చంద్రుడి పండుగ) పెట్టుకున్నారట. బదులుగా అక్టోబర్ 3 శనివారం ఇస్తారట. ఈ శుక్రవారం మధ్యాహ్నంలోగా ఏ సంగతో చెప్పాలి, లేదంటే అడ్వాన్సు వెనక్కి తీసుకోవాలి. పనుల జాబితాలో మార్పేమీ లేదు. వేదిక అలంకరణ సెంగ్‌కాంగ్ అక్క, మైకూ లాంతర్లూ పుంగోల్ తమ్ముడు, కేటరింగు టాంపినీస్ వదిన, పిల్లల నృత్యాలు ఈషున్ చెల్లి. తేదీ ఒక్కటే తేల్చాలి.

సెంగ్‌కాంగ్ అక్క, 9.52
అక్టోబర్ 3 అన్న మాటే వద్దు అన్నయ్యా. 26తో పౌర్ణమి వెళ్లిపోతుంది, 27 నుంచి మహాలయ పక్షం. పెద్దలకు తర్పణాలు వదిలే రోజుల్లో మాస్టారి మెడలో దండ వేసి అరవై ఏళ్ల పండుగ చేస్తామా? మాస్టారి ఇంట్లో అమ్మగారికి ఈ మాట ఎవరు చెబుతారు?

పుంగోల్ తమ్ముడు, 10.05
అక్కా, షష్టిపూర్తి శాంతి గుడిలో జరిగిపోయింది. హోమం, అభిషేకం అన్నీ శాస్త్రప్రకారమే అయ్యాయి. ఇది స్నేహితులందరూ కలిసి కూర్చుని తినే భోజనం. దీనికి పితృపక్షం ఎందుకు అడ్డం రావాలి? ఇంత మంది పట్టే హాలు మళ్లీ దొరకదు. ఇచ్చినదాన్ని ఖాయం చేసుకుందాం.

సెంగ్‌కాంగ్ అక్క, 10.11
నీకు అది భోజనమే కావచ్చు. మన పిల్లలు ఆయన దగ్గరే అక్షరాలు దిద్దుకున్నారు. ఆయన ఇంటి పద్ధతిని పక్కన పెట్టి ఆయనకే సన్మానం చేస్తామంటే నేను ఒప్పుకోను.

పుంగోల్ తమ్ముడు, 10.14
మాస్టారంటే మీకెంత గౌరవమో నాకూ అంతే. కానీ ఏటా తేదీ దగ్గరే మాటలు పెరుగుతాయి, చివరికి హాళ్ల చుట్టూ తిరిగేది నేనూ అన్నయ్యా.

టాంపినీస్ వదిన, 10.20
ఇద్దరూ ఆగండి. పదో అంతస్తు ఆంటీని ఎవరైనా అడిగారా? ఈ వేడుకలో సగం ఆవిడదే.

బెడోక్ పిన్ని, బుధవారం ఉదయం 7.15
రాత్రి లిఫ్టు దగ్గర కలిస్తే అడిగాను. ఆవిడ పుట్టినరోజు 28న. ముందుగా ఎప్పుడైనా జరుపుకోవచ్చు గానీ, రోజు దాటాక జరపకూడదని వాళ్ల ఇంట్లో నియమం. కాబట్టి అక్టోబర్ 3 వాళ్ల వైపు నుంచీ కుదరదు. పోనీ ఈ వారమే కానిచ్చేద్దామంటే రేపటి వరకు వాళ్ల చైనా పంచాంగంలో ఏడో నెల. గతించిన వాళ్ల ఆత్మలు ఇళ్లకు వచ్చిపోతాయని నమ్మే నెల అది. మా బ్లాకు కింద ఇనుప డబ్బాల్లో కాగితపు నోట్లు కాలుస్తున్నారు, ఆ పొగ వాసన మెట్ల దాకా వస్తోంది. ఈ నెలలో వాళ్లు శుభకార్యాలు పెట్టుకోరు. 12, 13 తేదీలు మనకు వినాయక చవితి పనులతోనే సరిపోతాయి. ఇక మిగిలేది 19, 20.

ఇంకొక్క మాట. మాస్టారిదీ ఆంటీదీ 1966. మన పంచాంగంలో అప్పుడు పరాభవ నామ సంవత్సరం, మొన్నటి ఉగాదికి మళ్లీ పరాభవ వచ్చింది. చైనా వాళ్ల లెక్కలోనూ అరవై ఏళ్లకే చక్రం పూర్తవుతుంది. ఆవిడ పుట్టింది అగ్ని గుర్రం సంవత్సరంలో, ఈ ఫిబ్రవరి 17న మళ్లీ అదే మొదలైంది. అందుకే కదా ఇద్దరికీ కలిపి చేద్దామని అంతగా ముచ్చటపడ్డాం. హాలు కోసం ఇద్దరినీ విడదీయకండి.

జురాంగ్ అన్నయ్య, మధ్యాహ్నం 1.05
తెలిసిన హాళ్లన్నీ అడిగాను. 19, 20 ఎక్కడా ఖాళీ లేదు. ఒకచోట ఉంది గానీ లోపల దీపం కూడా వెలిగించకూడదట, అద్దె కూడా మన శక్తికి మించినది. ఎవరూ ఇక సలహాలు రాయకండి, తలా ఒక ఫోను చేయండి. ఆఫీసులో పని వదిలేసి వరండాలో నిలబడి మాట్లాడుతున్నాను.

ఈషున్ చెల్లి, 1.20
ఈస్ట్ కోస్ట్ పార్కు అయితే? సముద్రం ఒడ్డున చంద్రుడు బాగా కనిపిస్తాడు.

టాంపినీస్ వదిన, 1.26
వాన పడితే ఎక్కడ దాక్కుంటాం? మాస్టారు మోకాళ్ల నొప్పితో ఇసుకలో నడవలేరు.

సెంగ్‌కాంగ్ అక్క, 1.40
తమ్ముడూ, హాళ్ల సంగతి నీకు తెలిసినంత మాకు తెలియదు. 26 లోపు ఎక్కడ దొరికినా సరే, అలంకరణ లేకపోయినా సరే. నేను దేనికైనా సిద్ధం.

పుంగోల్ తమ్ముడు, 1.44
సరే అక్కా. పని అయ్యాక మా వైపు రెండు చోట్ల అడిగి వస్తాను.

బెడోక్ పిన్ని, రాత్రి 8.50
తమ్ముడూ, తిరగడం ఆపు. ఆంటీయే దారి చూపించారు. అసలు మూన్‌కేకుల పండుగ 25 శుక్రవారం. మా బ్లాకు వాయిడ్ డెక్‌లో, అంటే కింద ఖాళీగా వదిలిన అంతస్తులో, నివాసులు ఏటా చేసుకుంటారు. ఆవిడ నన్ను వెంటబెట్టుకుని వాళ్ల పెద్దల దగ్గరకు తీసుకెళ్లి, ఈసారి తన పుట్టినరోజు కూడా అక్కడే, తన స్నేహితులతోనే అని చెప్పేశారు. మనకు ఆరు బల్లలు ఇస్తారు. వేదిక కట్టకూడదు, పొయ్యి పెట్టకూడదు, 10.30 తర్వాత శబ్దం ఉండకూడదు. ఒకటి మాత్రం ముందే తెలుసుకోండి: బ్లాకులో ఎవరైనా పోతే దేహాన్ని ఉంచేది కూడా అక్కడే. అలాంటిదేమైనా జరిగితే పండుగంతా పక్క బ్లాకుకు మారుతుంది.

సెంగ్‌కాంగ్ అక్క, 9.02
25 అనంత చతుర్దశి. ఇంతకంటే మంచి రోజు ఏముంది! పొద్దున వ్రతం చేసుకుని సాయంత్రానికి వచ్చేస్తాం. అమ్మగారితో నేను మాట్లాడతాను.

టాంపినీస్ వదిన, 9.15
అయితే కేటరింగు మానేద్దాం, ఇళ్ల నుంచే తెద్దాం. పులిహోర నాది. దద్దోజనం, బొబ్బట్లు ఎవరు చేస్తారో చెప్పండి. ఆంటీకి "మీ సువా" (సేమ్యాలాంటి సన్నటి చైనా నూడుల్స్) కూడా నేనే వండుతాను. ఆయుష్షు కోసం తినేది కాబట్టి పోగులు తుంచకూడదు. పొడుగ్గా ఉన్నది ఉన్నట్టే గిన్నెలో పేర్చి, పైన పులుసు పోయాలి. పీచు పండు ఆకారంలో గులాబీ రంగు బన్నులు ఆంటీ కూతురు తెస్తానంది, మాస్టారికీ ఒక పళ్లెం. మూన్‌కేకులు కొనేవాళ్లు డబ్బా మీద చదివి మరీ కొనండి. కొన్నింటిలో పంది కొవ్వు ఉంటుంది, లోపల ఉప్పులో ఊరిన బాతు గుడ్డు సొన పెడతారు. మన బల్లలకు తామర గింజల ముద్దతో చేసినవి, కొవ్వూ గుడ్డూ లేనివి తెండి. బాగా తీపి, ఒక్కోటి ఎనిమిది ముక్కలు చేస్తే చాలు.

ఈషున్ చెల్లి, 9.31
బల్లల మధ్య నృత్యాలు కుదరవు. వేరే ఆలోచన వచ్చింది. ఈ పండుగకు లాంతర్లకు పొడుపు కథల చీటీలు కట్టడం చైనీయుల పాత ఆచారం. మన పిల్లలు తెలుగు పొడుపు కథలు రాసి కడతారు, కింద ఇంగ్లీషులో అర్థం ఉంటుంది. "చిటారు కొమ్మన మిఠాయి పొట్లం" మా వాడు అప్పుడే రాసేశాడు, పక్కన తేనెపట్టు బొమ్మ వేస్తే జవాబు తెలిసిపోతుందని చెరిపించాను. విప్పినవాళ్లకు మాస్టారి చేతుల మీదుగా బొబ్బట్టు.

పుంగోల్ తమ్ముడు, 9.38
లాంతర్లు బ్యాటరీవే తెస్తాను. వాటికి చీటీ కట్టడానికి దారం కూడా.

జురాంగ్ అన్నయ్య, గురువారం ఉదయం 8.10
హాలుకు వద్దని చెప్పేశాను, అడ్వాన్సు వచ్చే వారం వస్తుంది. ఆంటీకి కొందామనుకున్న గోడ గడియారం వద్దు, వాళ్లలో పెద్దలకు గడియారం ఇవ్వరు. ఎర్ర కవరులో డబ్బు పెడదాం. సరి సంఖ్య కావాలి, నాలుగు రాకూడదు. మన నూటపదహార్లు అన్ని విధాలా సరిపోతాయి కాబట్టి మాస్టారికీ ఆవిడకీ చెరో 116 డాలర్లు. 25 శుక్రవారం సాయంత్రం 5.30కి బల్లలు తుడిచి సర్దడానికి ఇద్దరు కావాలి.

సెంగ్‌కాంగ్ అక్క, 8.14
నేను వస్తాను. తమ్ముడూ, నువ్వూ రా.

పుంగోల్ తమ్ముడు, 8.15
వస్తాను అక్కా. సగం రోజు సెలవు పెట్టాను.