అప్‌డేట్: డెల్టా రెక్క మలుపులో వేగం ఎందుకు పోగొట్టుకుంటుంది?

మిరాజ్ 2000 యుద్ధవిమానానిది డెల్టా రెక్క, అంటే త్రిభుజాకారంలో ఉండేది. దాని వైశాల్యం 41 చదరపు మీటర్లు, ఇంకో యుద్ధవిమానం ఎఫ్-16ది 28కి దగ్గర. అంత పెద్ద రెక్క ఉండి కూడా ఆగకుండా తిరిగే మలుపులో మిరాజ్ ఎందుకు వెనకబడుతుందని అడిగాను కదా. మీ జవాబులు చదివి, ఇంకొంత వెతికాక తేలింది ఇదీ.

మలుపులు రెండు రకాలట. ముక్కును చటుక్కున తిప్పేది ఒకటి, వేగం తగ్గకుండా తిరుగుతూనే ఉండేది ఇంకొకటి. మొదటిదానికి రెక్క మీద చదరపు మీటరుకు బరువు తక్కువ పడాలి. అక్కడ మిరాజ్ గట్టిదే. రెండోదాంట్లో డెల్టా ఇబ్బంది పడుతుంది. పొట్టిగా, వెడల్పుగా ఉండే ఆ రెక్క ముక్కు బాగా పైకెత్తితేగానీ సరిపడా లిఫ్ట్ (విమానాన్ని పైకెత్తే బలం) ఇవ్వదు, ఎత్తితే డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) విపరీతం. బ్రేకు మీద కాలు ఉంచి యాక్సిలరేటర్ తొక్కినట్టే.

నాకు బాగా నచ్చింది మాత్రం సుడిగాలి సంగతి. ఎఫ్-16 రెక్క మొదట్లో, కాక్‌పిట్ వైపు సాగిన పల్చటి అంచు గాలిని సుడి తిప్పుతుంది. ఆ సుడి రెక్క మీదుగా వెళ్తూ గాలి ప్రవాహం విడిపోకుండా ఆపుతుంది. తేమ ఉన్న రోజున తెల్లగా కంటికి కనిపిస్తుంది కూడా!

"రెక్క ఒక్కటే కాదు, ఫ్లై-బై-వైర్ (పైలట్ ఆదేశాలను కంప్యూటర్ ద్వారా పలకలకు పంపే పద్ధతి) కూడా" అని జవాబుల్లో అన్నవారి మాట నిజమే. తోక దగ్గర అడ్డ రెక్కలు లేని పాత మిరాజ్ 3లో ముక్కు ఎత్తాలంటే రెక్క వెనక పలకలు పైకి లేవాలి, దాంతో లిఫ్టే కొంత పోతుంది. ఈ నష్టం తగ్గేలా మిరాజ్ 2000లో కావాలనే స్థిరత్వం తగ్గించి, విమానాన్ని నిలకడగా ఉంచే భారం కంప్యూటర్‌కు అప్పజెప్పారు.

రాఫెల్ యుద్ధవిమానం కనార్డుల (ప్రధాన రెక్కకు ముందుండే చిన్న రెక్కలు) గురించి విడిగా అడుగుతాను.